నీట మునిగిన కోళ్లూరుకు స్థలాకృతి పటం గీయాలంటే కాంటూర్లు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ప్రశ్న – కృష్ణ ఒడ్డువాడు

అందరికీ నమస్కారం. మాది పల్నాటిలో, కృష్ణ కుడి గట్టున ఉండిన కోళ్లూరు. పుస్తకాలలో కొల్లూరు అని రాయడం వల్ల చాలామంది తెనాలి వైపు ఉన్న కొల్లూరుతో పొరబడుతుంటారు. నేను చెబుతున్నది గోల్కొండ సుల్తానుల కాలంలో వజ్రాల గనులకు పేరుపడి, 2013 డిసెంబరులో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు జలాశయంలో కలిసిపోయిన ఊరి గురించి.

మా నాన్నగారికి ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఊరి మాట వచ్చినప్పుడల్లా పాత క్యాలెండరు వెనక్కి తిప్పి పెన్సిలుతో గీయడం మొదలుపెడతారు. ముందు నదిని, తరువాత కొండను, ఆ రెండింటి మధ్య బండ్లు పోయే డొంకను గీసి, చివరికి డొంక పక్కన చిన్న చిన్న సున్నాలు చుడతారు. ఆ సున్నాలు పాతకాలపు తవ్వకం గుంటలట. ప్రతిసారీ సున్నాల సంఖ్య మారుతుంది కానీ, అవి డొంకకు ఏ పక్కన ఉన్నాయన్నది మాత్రం ఎప్పుడూ మారలేదు. ఆయన చెబుతున్నదంతా కొలతలతో, కాంటూర్లతో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలతో) సరైన స్థలాకృతి పటంగా తయారుచేసి, మా పునరావాస కాలనీలో గోడకు పెట్టదగినంత పెద్దదిగా అచ్చు వేయించాలని నా కోరిక.

ఇస్రో వారి భువన్ పోర్టల్ నుంచి కార్టోడెమ్ అనే ఉపగ్రహ ఎత్తుల సమాచారం దించుకుని, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లో కాంటూర్లు గీయించాను. ఊరు ఉండిన చోట మైనస్ 35, మైనస్ 40 మీటర్లు అని వస్తున్నది. సముద్రానికి అంత దూరంలో ఉన్న మా ఊరు సముద్రమట్టానికి నలభై మీటర్లు కింద ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. జలాశయం లోతు కలిసిపోయిందేమో అనుకున్నాను కానీ, చుట్టుపక్కల మునగని ఊళ్లకు కూడా ఇలాగే మైనస్ అంకెలే వస్తున్నాయి. రెండో ఇబ్బంది ఏమిటంటే, ఎంత దగ్గరకు పెంచి చూసినా గుంటల జాడ ఎక్కడా లేదు. మూడోది, టోపోషీటు (సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటం) సంపాదిస్తే ఈ బాధలన్నీ తీరుతాయా, తీరితే ఏ నంబరు షీటు కావాలి అన్నది. తెలిసినవారు దారి చూపగలరు. కోహినూరు దొరికిన చోటు కూడా ఒక నక్షత్రం గుర్తుతో పెట్టమని మా పిల్లలు పట్టుబడుతున్నారు. దాని మీద కూడా మీ అభిప్రాయం చెప్పండి.


జవాబు – గీతలవాడు

మీ మైనస్ అంకెల్లో తప్పేమీ లేదు. అవి సముద్రమట్టం నుంచి కొలిచినవి కావు, అంతే. కార్టోడెమ్ ఎత్తులను డబ్ల్యుజీఎస్84 అనే, గణితంతో కట్టిన నున్నని గోళాభం నుంచి కొలుస్తారు. అసలు సముద్రమట్టం ఆ గోళాభం మీద చదునుగా పరుచుకుని ఉండదు. భూమి ఆకర్షణలోని హెచ్చుతగ్గుల వల్ల కొన్నిచోట్ల దానికి పైన, కొన్నిచోట్ల దానికి కింద ఉంటుంది. దక్షిణ భారతంలో అది చాలా కిందికి ఉంటుంది. మీ ప్రాంతంలో ఆ తేడా సుమారు డెబ్బై, ఎనభై మీటర్ల మధ్య. ఆ తేడాను జియాయిడ్ (అసలు సముద్రమట్టపు ఆకారం) నమూనా సాయంతో ప్రతి చుక్కకూ కలిపితే మీ మైనస్ 40 కాస్తా ముప్పై ఎనిమిది ప్రాంతానికి చేరుతుంది. కృష్ణ డెల్టా మీద కార్టోడెమ్ తెరిచి ఊళ్లన్నీ సముద్రం అడుగున ఉన్నాయని బెంబేలెత్తినవారిలో మీరు మొదటివారు కారు, ఒకప్పుడు నేను కూడా ఆ వరుసలో నిలబడ్డవాడినే.

అయితే మీ పనికి నేను ముందుగా చెప్పేది ఎస్‌ఆర్‌టీఎం సమాచారం. నాసా వ్యోమనౌక 2000 ఫిబ్రవరిలో పదకొండు రోజులపాటు రాడారుతో భూమి ఎత్తులు కొలిచి తెచ్చిన సమాచారం అది. ముప్పై మీటర్ల గడులతో ఉచితంగా దొరుకుతుంది, ఎత్తులు కూడా సముద్రమట్టానికి దగ్గరగా సరిచేసే ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, 2000 నాటికి పులిచింతల ఆనకట్ట లేదు. అంటే ఈ రోజు నీటి కింద ఉన్న మీ నేల, ఆ రాడారు చూసినప్పుడు ఎండలో ఉంది. మునిగిన ఊరికి ఇంతకంటే మంచి సాక్ష్యం సులువుగా దొరకదు. కార్టోడెమ్ తయారీకి వాడిన కార్టోశాట్-1 ఉపగ్రహం 2005లో పైకి వెళ్లింది కాబట్టి దాని చిత్రాలలో కూడా ఆనకట్టకు ముందువి ఉంటాయి. మీరు దించుకున్న భాగం ఏ సంవత్సరపు చిత్రాలతో తయారైందో మాత్రం చూసుకోండి.

తరువాత క్యూజీఐఎస్‌లో ఒకే ఒక్క ప్రత్యేకమైన కాంటూరు గీయించండి, 53.34 మీటర్ల దగ్గర. పులిచింతల పూర్తి నీటిమట్టం అదే. పాత లెక్కలో 175 అడుగులు. ఆ గీత మీ పటం మీద జలాశయం అంచు అవుతుంది. దానిని, జలాశయం నిండుగా ఉన్న రోజు సెంటినెల్ ఉపగ్రహం తీసిన చిత్రం మీద పరిచి చూడండి. ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులలో కొన్ని మీటర్ల తప్పు సహజం కాబట్టి వాలు తక్కువగా ఉన్నచోట గీత పక్కకు జరుగుతుంది, నిటారు గుట్టల దగ్గర దాదాపు అతుక్కుంటుంది. ఎక్కడ ఎంత జరిగిందో చూస్తే మీ ఎత్తులను ఎంతవరకు నమ్మవచ్చో మీకే తెలుస్తుంది. ఐదు మీటర్లకు ఒక కాంటూరు గీసుకుంటే చూడడానికి బాగుంటుంది కానీ, మధ్య గీతలను చుక్కల గీతలుగా ఉంచడం నిజాయితీ.

టోపోషీటు సంగతికి వస్తే, మీ ఊరి అదృష్టం ఏమో గానీ అది నాలుగు షీట్లు కలిసే మూల దగ్గర పడింది. 80 డిగ్రీల తూర్పు రేఖాంశం, 16 డిగ్రీల 45 నిమిషాల ఉత్తర అక్షాంశం కలిసే మూల మీ జలాశయం పరిసరాల్లోనే ఉంది. పాత నంబర్ల ప్రకారం 65 డి/2 మీకు మొదట కావలసిన షీటు. ఆనకట్ట 65 డి/1లో ఉంటుంది, జలాశయం పడమటి భాగానికి 56 పి/14, 56 పి/13 కూడా చూసుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా వారి ఆన్‌లైన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఓపెన్ సీరీస్ షీట్లు దించుకోవచ్చు, వాటి నంబర్ల పద్ధతి మాత్రం వేరు. షీటు అంచున సర్వే జరిగిన సంవత్సరం అచ్చయి ఉంటుంది, దానిని ముందుగా చదవండి. మైలుకు అంగుళం చొప్పున గీసిన పాత షీట్లు ఎవరి దగ్గరైనా దొరికితే, అవి ఎవరెస్టు అనే పాత గోళాభం మీద గీసినవి కాబట్టి సరిచేయకుండా ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే నూరు మీటర్లకు పైగా పక్కకు పోతాయి. గుంటలను ఆ తేడాతో వేస్తే నదిలో తేలుతాయి.

టోపోషీటు వస్తే బాధలన్నీ తీరతాయా అన్నారు. తీరవు. 1:50,000 షీటులో (కాగితం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు) కాంటూర్ల మధ్య ఎడం సాధారణంగా 20 మీటర్లు. 40 గీత తరువాత మళ్లీ 60 గీతే. మీ ఊరూ, పొలాలూ, నీటి అంచూ అన్నీ ఆ రెండు గీతల చుట్టుపక్కలే ఇమిడిపోతాయి. అంటే మీ నాన్నగారి జీవితమంతా గడిచిన నేల ఆ షీటు మీద దాదాపు ఖాళీ కాగితంలా కనిపిస్తుంది. కొండలు మాత్రం బాగా వస్తాయి.


జవాబు – పాతపలక

గుంటలు ఎందుకు కనిపించడం లేదన్న రెండో ప్రశ్నకు చరిత్ర వైపు నుంచి జవాబు చెబుతాను. 17వ శతాబ్దం మధ్యలో ఈ గనులను చూసిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే, గుంటలు పది నుంచి పద్నాలుగు అడుగుల లోతు వరకే తవ్వేవారని, నీరు పడగానే ఆపేసేవారని రాశాడు. అంటే మూడు, నాలుగు మీటర్లు. కర్నూలు, పల్నాడు రాళ్లలోంచి కొట్టుకు వచ్చి నది పాత గట్ల మీద పరుచుకున్న గులకరాళ్ల పొరలో వజ్రాలు ఉండేవి, ఆ పొర దాటి కిందికి వెళ్లవలసిన అవసరమే లేదు. కోలారు బంగారు గనిలా కిలోమీటర్ల లోతుకు దిగిన పని కాదిది, చేను దున్నినట్టు నేల పైపొరను తిరగేసిన పని. నాలుగు మీటర్ల గుంట 20 మీటర్ల కాంటూరు మధ్య దాక్కుంటుంది. పది మీటర్ల వెడల్పు గుంట 1:50,000 కాగితం మీద మిల్లీమీటరులో అయిదో వంతు, అంటే పెన్సిలు మొన. ముప్పై మీటర్ల గడిలో అది అసలు పడదు. అందువల్ల మీరు వెతుకుతున్నది కాంటూరు గీతలలో ఎప్పటికీ దొరకదు. గనిని గుర్తులతో చూపించవలసిందే.

ఆ గుర్తులు ఎక్కడ పెట్టాలన్నదానికి తవెర్నియే మాటల్లోనే ఒక ఆధారం ఉంది. ఊరికి ఒక పక్క నది, ఇంకో పక్క నెలవంకలా వంగిన ఎత్తయిన కొండ, ఆ రెండింటి మధ్య మైదానంలో తవ్వకం అని ఆయన వర్ణన. కొండకు దగ్గరయ్యే కొద్దీ పెద్ద రాళ్లు దొరికేవని, మరీ పైకి ఎక్కితే ఏమీ దొరికేది కాదని కూడా చెప్పాడు. గీతలవాడు గారు చెప్పిన ఎత్తులతో, వాలులను నీడలుగా చూపే పటం వేయించి, ఆ నెలవంక ఏ గుట్టల వరుసకు సరిపోతుందో మీరే చూడవచ్చు. మీ నాన్నగారు నది, కొండ, మధ్యలో డొంక అనే వరుసలో గీస్తారని మీరు రాసింది చదివినప్పుడు నాకు ఇదే గుర్తుకు వచ్చింది. ఆయన క్యాలెండరు వెనుక పటమూ, తవెర్నియే వర్ణనా ఒకే క్రమంలో నడుస్తున్నాయి.

గుంటలతో ఆగిపోకండి. తవ్విన మట్టిని ఆడవాళ్లు, పిల్లలు మోసుకువెళ్లి రెండడుగుల ఎత్తు గోడలు కట్టిన ఆవరణలో పోసేవారు. దానిలో నీళ్లు పెట్టి, మట్టి పలుచనై కొట్టుకుపోయాక మిగిలిన దానిని ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చేటలతో చెరిగి, రోకళ్ల వంటి పెద్ద కర్రలతో గడ్డలు చితక్కొట్టి, అప్పుడు రాళ్లు ఏరేవారు. ఈ పని జరిగిన చోట వజ్రాలు ఏరుకోగా మిగిలిన గులకరాళ్లు దిబ్బలుగా పోగుపడతాయి. గుంటలు వానలకు పూడిపోవచ్చు, దిబ్బలు అంత తొందరగా పోవు. ఊళ్లో రాళ్ల దిబ్బ అనో, మరో పేరుతోనో పిలిచే చోట్లు ఉన్నాయేమో నాన్నగారిని ప్రత్యేకంగా అడగండి. 1620ల నాటి ఇంగ్లీషు వర్తకుడు మెథోల్డు ఈ ప్రాంతపు గని దగ్గర ముప్పై వేల మంది పనిచేస్తున్నారని, తవెర్నియే అరవై వేల మంది అని రాశారు. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమ్మనక్కరలేదు కానీ, అంతమంది తిరగేసిన నేల ఒక డొంక పక్క పది గుంటలతో ముగియదు.

రెండు హెచ్చరికలు. కోళ్లూరుకు పుస్తకాలలో, ఇంటర్నెట్టులో తరచూ కనిపించే విలువలు 16 డిగ్రీల 42 నిమిషాల 30 సెకన్ల ఉత్తరం, 80 డిగ్రీల 5 నిమిషాల తూర్పు. ఇవి 19వ శతాబ్దపు పటాల నుంచి వచ్చినవి. తవెర్నియే చెప్పిన ఊరు ఇదేనని గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ ఆ యాత్రలను 1889లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆనాటి పటాల రేఖాంశాలకు ఆధారమైన మద్రాసు రేఖాంశపు విలువను తరువాత సవరించారు. మీ అక్షాంశం దగ్గర ఒక నిమిషం రేఖాంశం అంటే దాదాపు 1.8 కిలోమీటర్లు కాబట్టి, ఆ అంకెలను నేరుగా నేటి పటంలో పెడితే ఊరు ఆనకట్టకు దిగువకు జరిగిపోయినా ఆశ్చర్యం లేదు. ఊరి స్థానానికి 2013కు ముందు తీసిన ఉపగ్రహ చిత్రాన్నే ప్రమాణంగా పెట్టుకోండి.

ఇక కోహినూరు. అది కోళ్లూరు నేలలోనే దొరికిందని రూఢి చేసే సమకాలిక ఆధారం ఏదీ లేదు, ఏ గుంటలో అన్నది అసలే లేదు. నక్షత్రం పెట్టవద్దు. పిల్లలు ఊరుకోకపోతే పటం కింద ఒక వాక్యంగా, జనం చెప్పుకునే మాటగా రాయండి. నవ్వుకోవడానికి మాత్రం ఇది చెప్పండి: ఈ గనిని దేశభాషలో ‘గని’ అంటారని, పారశీకంలో ‘కొల్లూరు’ అంటారని తవెర్నియే రాసుకున్నాడు. మన ఊరి పేరును పారశీకుల ఖాతాలో వేసిన పెద్దమనిషి, గనిని గని అనడం మాత్రం ఎవరి దగ్గరో సరిగ్గానే విన్నాడు.


జవాబు – గొలుసు లింకులు

గ్రామ సర్వే పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా ఒక్క మాట కలుపుతాను. ఉపగ్రహాలు, టోపోషీట్లు చూశారు గానీ, ఇంతవరకు ఎవరూ ఊరి నక్షా పేరెత్తలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన గుంటూరు జిల్లా గ్రామాలకు మైలుకు పదహారు అంగుళాల చొప్పున గ్రామ పటాలు తయారుచేశారు. ఆ కొలతలో పది మీటర్ల గుంట దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు వస్తుంది, అంటే కంటికి ఆనుతుంది. కాంటూర్లు వాటిలో ఉండవు, కానీ ప్రతి సర్వే నంబరు హద్దూ, డొంకా, వాగూ, చెరువూ, గుంటా ఉంటాయి. ఒక్కొక్క నంబరుకు గొలుసు కొలతలతో క్షేత్ర కొలతల పుస్తకం, అంటే ఎఫ్‌ఎంబీ విడిగా ఉంటుంది.

వజ్రాల కోసం తిరగేసిన నేలను రైతు సాగు చేసి ఉంటే అది పట్టా భూమిగానే నమోదవుతుంది. సాగుకు పనికిరాకుండా గుంటలుగా, రాళ్లుగా మిగిలిపోయి ఉంటే పోరంబోకు కింద రాసి ఉండవచ్చు. కాబట్టి రీసెటిల్‌మెంటు రిజిస్టరులో, అంటే సర్వే నంబర్లవారీ పాత భూమి వివరాల పుస్తకంలో, మీ గ్రామం తీసి, నది, చెరువు, డొంక, శ్మశానం వంటి మామూలు పోరంబోకులను పక్కన పెట్టి, కారణం వెంటనే తోచని పోరంబోకు నంబర్లను వేరుగా రాసుకోండి. వాటిని గ్రామ పటం మీద రంగుతో నింపి నాన్నగారి ముందు పెట్టండి. ముందుగా గుంటలు ఎక్కడ అని అడగకండి, రంగు వేసిన ఒక్కొక్క ముక్కను చూపించి ఇది ఏ చోటు అని అడగండి. మనిషి జ్ఞాపకం అలా అడిగినప్పుడు నిక్కచ్చిగా పలుకుతుంది.

ప్రాజెక్టుకు భూసేకరణ జరిగింది కాబట్టి నంబర్లవారీ వివరాలు ఆ దస్త్రాలలో కూడా ఉంటాయి. ఊరు నీటిలో ఉంది కదా, ఇప్పుడు ఆ పటం ఎందుకని ఎవరైనా అడిగితే నిరుత్సాహపడకండి. సమాచార హక్కు దరఖాస్తులో గ్రామం పేరు, పాత మండలం పేరు బెల్లంకొండ, పాత జిల్లా గుంటూరు అని కూడా రాయండి. పల్నాడు జిల్లా 2022లో ఏర్పడింది, అంతకు ముందటి కాగితాలు పాత పేర్ల కిందే కట్టి ఉంటాయి.

పటం తయారయ్యాక దాని మీద ఇంకొక పని. ఎత్తులు 2000 నాటివని, ఊరి హద్దులు పాత గ్రామ పటం నుంచి వచ్చినవని, నీటి అంచు 53.34 మీటర్ల లెక్క ప్రకారమని, గుంటలు నాన్నగారు చెప్పినవని నాలుగు రకాల గీతలుగా వేరువేరు రంగుల్లో చూపించండి. అన్నీ ఒకే నల్ల సిరాతో గీస్తే, మీ మనుమలు నాన్నగారి సున్నాలను కూడా సర్వే చేసినవే అనుకుంటారు.


తిరిగి – కృష్ణ ఒడ్డువాడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎస్‌ఆర్‌టీఎం దించుకుని చూశాను. ఊరి చోట ఎత్తులు ఇప్పుడు ముప్పైలలో, నలభైలలో వస్తున్నాయి. మైనస్ గుర్తు పోయింది. 53.34 గీత గుట్టల వైపు ఉపగ్రహ చిత్రంతో చక్కగా కలిసింది, వాగు లోపలికి చీలిన చోట మాత్రం చాలా దూరం అటూ ఇటూ పోయింది. గీతలవాడు గారు చెప్పినట్టే ఆ భాగం చుక్కలలో పెట్టాను. రెండున్నర అడుగుల కాగితం మీద మొదటి ప్రతి అచ్చు వేయించి నిన్న నాన్నగారి ముందు పరిచాను.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కాగితాన్ని తలకిందులుగా తిప్పమన్నారు. ఆయన కొండ వైపు నిలబడి నదిని చూస్తూ ఊరిని గుర్తుపెట్టుకున్నారట, ఉత్తరం పైన ఉండే పటంలో అంతా ఎడమకు కుడి అయినట్టు తోచిందట. తిప్పిన వెంటనే నేను ఉపగ్రహ చిత్రం చూసి గీసిన డొంక మీద వేలు పెట్టి, ఇది కొత్త రోడ్డు, బండ్ల దారి దీనికి కొండ వైపున ఉండేది అన్నారు. ఆ మాట నిజమైతే నేను పెట్టిన గుంటలన్నీ వరుసగా కొండ వైపుకు జరగాలి. పాతపలక గారు రాసిన వర్ణనకు అది ఇంకా దగ్గరగా సరిపోతుంది కానీ, సరిపోతున్నదని తొందరపడి గీయడం నాకు ఇష్టం లేదు. గ్రామ పటానికి దరఖాస్తు రాశాను. అది వచ్చేదాకా డొంక రెండు చోట్లా చుక్కల గీతగానే ఉంటుంది.

రాళ్ల దిబ్బల గురించి కూడా అడిగాను. దిబ్బ అనే పేరు ఆయనకు గుర్తులేదు. కానీ చిన్నప్పుడు పశువులను తోలుకుపోతే ఒకచోట కాళ్లకు చెప్పులు లేకుండా నడవలేకపోయేవాళ్లమని, అక్కడ మట్టి కనిపించకుండా అంతా కడిగినట్టుండే గులకరాళ్లేనని చెప్పి, క్యాలెండరు వెనుక ఇంతవరకు ఎన్నడూ గీయని చోట పెన్సిలుతో గీతలు కొట్టారు. అది డొంకకు నది వైపున ఉంది. కడగడానికి నీళ్లు దగ్గరగా ఉండే చోటు కాబట్టి అర్థం ఉన్నట్టే తోస్తున్నది. దానికి పటంలో ఏ గుర్తు వాడాలో గొలుసు లింకులు గారు చెబితే రెండో ప్రతిలో వేస్తాను.